వెళ్ళొస్తా, మూడు గళ్ళు

పదిహేను రోజులుగా ఒక్క గడి నన్ను వేపుకు తింటోంది. గడిలో అక్షరం ఉంది: ‘ష్క్ర’. ష కింద క ఒత్తు, దానికి క్రావడి. అడ్డంగా ‘మహానిష్క్రమణ’ రాసుకుంటూ వస్తే నాలుగో గడిలో వచ్చి కూర్చుంది. దాని మీదుగా నిలువునా ఇంకో మాట దిగాలి. దిగట్లేదు.

‘పుష్కరం’ దింపి చూశాను, క్రావడి లేదు. ‘నిష్క్రియ’కి క్రావడి ఉంది గాని నెత్తిన గుడి ఉంది. ఇంగ్లీషు పజిలు కట్టేవాళ్ళకి ఈ బాధ తెలీదు, వాళ్ళకి మొత్తం ఇరవయ్యారే అక్షరాలు. మనకి గుణింతం, ఒత్తు, సున్న అన్నీ ఒకే గడిలో కాపురం చెయ్యాలి. ఒక మాటలో ‘ల’, ఇంకో మాటలో ‘లా’ ఉంటే అవి రెండూ ఎక్కడా కలవవు. ‘వలస’నీ ‘పలాయనా’న్నీ ఒక గడి దగ్గర కలపాలని రాత్రి పన్నెండు దాకా కూర్చుని, రబ్బరు అరగదీసి, పడుకున్నాను. నిఘంటువు తిరగేస్తే ఏదో ఒకటి దొరక్కపోదు. కానీ నాదొక పిచ్చి నియమం ఉంది: చెవిన పడని మాట గళ్ళలో పెట్టను.

కలకత్తాలో మా తెలుగువాళ్ళు ఉగాదికి వేసుకునే పల్చటి సంచికలో గళ్ళ పేజీ ఇరవై ఏళ్ళుగా నాదే. (ఊరి పేరు కోల్‌కతా అయి చాలా ఏళ్ళయింది. నా నోటికి ఇంకా కలకత్తాయే.) ఈసారి జవాబులన్నీ వెళ్ళిపోవడం మీదే ఉండాలని పంతం పట్టాను. దానికి కారణం నా ఉద్యోగం. 1975 నుంచి 2013 దాకా గార్డెన్‌రీచ్ రైల్వే ఆఫీసులో నేను సెలవుల గుమాస్తాని. ఎవరు ఎప్పుడు వెళ్ళారు, ఎన్నాళ్ళకి వచ్చారు, వచ్చారా రాలేదా, ఇదే పని. ఎల్.ఏ.పి. ఒక కాలమ్, అంటే పూర్తి జీతం మీద సెలవు, ఏడాదికి ముప్పై రోజులు. ఎల్.హెచ్.ఏ.పి. ఇంకో కాలమ్, సగం జీతం మీద సెలవు. సంక్రాంతికి నెల ముందు నుంచీ వాల్తేరు వైపు కాగితాలు వచ్చిపడేవి. దసరాకి బెంగాలీల కాగితాలు. 1979లో గోదావరి పుష్కరాలకి తెలుగువాళ్ళ అర్జీలు నా టేబుల్ మీద ఎత్తుగా పేరుకున్నాయి, అందరికీ ఒకే కారణం. పుష్కరం అన్న మాట అన్నిసార్లు రాసినవాణ్ణి, ఇప్పుడు క్రావడి లేదని దాని మీద విసుక్కుంటున్నాను.

తెలుగులో ‘సెలవు’ అనే మాట ఉంది చూశారా, మూడు గళ్ళలో ముగ్గురు మనుషులు. గుమాస్తా పెట్టుకునేది సెలవు. పెద్దలు ‘సెలవిచ్చేది’ అనుమతి, లేదా వాళ్ళ నోటి మాట. ‘ఇక సెలవు’ అంటే ఉత్తరం చివరిమాట, ఒక్కోసారి మనిషి చివరిమాట. బెంగాలీలో ‘ఛుటి’ కూడా ఇలాంటిదే. 1892లో టాగూరు ఆ పేరుతో ఒక కథ రాశాడు. పల్లెటూరి కుర్రాడు ఫటిక్ చదువుకోసమని కలకత్తా మేనమామ ఇంటికి వస్తాడు, ఊరికి ఎప్పుడెళ్తానా అని సెలవుల కోసం రోజులు లెక్కపెట్టుకుంటాడు. జ్వరంతో మంచాన పడతాడు. తల్లి పరుగెత్తుకొచ్చేసరికి వాడికి సెలవులు వచ్చేశాయి. ఆ కథ మొదటిసారి చదివిన మర్నాడు ఆఫీసులో ఏ సెలవుకాగితం మీదా సంతకం పెట్టబుద్ధి కాలేదు.

గళ్ళ రోగం నాకు అంటించినవాడు మా బొడోబాబు. అంటే హెడ్ గుమాస్తా, మనవాళ్ళనే బడాబాబు కాదు. టిఫిన్ వేళకి డబ్బా మూత తెరవకముందే స్టేట్స్‌మన్ నాలుగు మడతలు పెట్టి పజిలు పైకి తెచ్చేవాడు. చెవి మీద పెన్సిలు, సగం కాల్చిన చార్మినారు. నేను పక్కన నిలబడి చూసేవాణ్ణి. ఒకరోజు ఆధారంలో ‘లీవ్స్’ అని కనిపించింది. సెలవుల గుమాస్తాని కదా అని ఉత్సాహంగా ‘వెళ్ళిపోవడం’ అన్నాను. ఆయన నా గ్లాసు వైపు పెన్సిలు చూపించాడు. ఆ ఆకులు టీ ఆకులు. ‘పుస్తకంలో కాగితాలు కూడా కావచ్చు, చెట్టువి కూడా కావచ్చు, వెళ్ళిపోవడం అన్నిటికన్నా చివర ఆలోచించు’ అన్నాడు. ఆధారం ఎప్పుడూ తలుపు ఒకవైపు చూపిస్తుంది, జవాబు దొడ్డిదారిన ఉంటుంది.

కానీ ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అది కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు సాయంత్రం, వచ్చీరాని బెంగాలీలో, ‘జాచ్ఛి, దాదా’ అన్నాను. వెళ్తున్నాను అని. నాలుగు టేబుళ్ళ వాళ్ళు తలెత్తారు. బొడోబాబు కళ్ళజోడు తీసి, ‘అలా అనకూడదు. ఆశి అనాలి’ అన్నాడు. ‘ఆశి’ అంటే వస్తాను. గుమ్మం దాటేవాడు వస్తానంటాడు. నాకు నవ్వొచ్చింది. ఇది నేర్పడానికి బెంగాలీవాడు కావాలా? మా అమ్మ నన్ను పలాస స్టేషన్లో మద్రాసు మెయిలు ఎక్కించేటప్పుడు, కదిలే బండి కిటికీ పట్టుకుని చెప్పిన మాట అదే: ‘ఎల్తన్నాననకు బాబూ, ఎల్లొస్తాననాలి.’

ఉగాది సంచిక గళ్ళలో అడ్డం ఒకటి అదే. వె, ళ్ళొ, స్తా. మూడు గళ్ళు.

పజిలు పుట్టిందెక్కడో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రికలో ఆర్థర్ విన్ అనేవాడు వజ్రం ఆకారంలో గళ్ళు గీసి వేశాడు. పదేళ్ళు తిరిగేసరికి అది ఇంగ్లండు పాకింది, అక్కణ్ణుంచి దొరల పత్రికలతో పాటు మనకి. స్వాతంత్ర్యం వచ్చే నాటికి మన దేశంలో అది పజిలు కూడా కాదు, లాటరీ. ఎంట్రీ ఫీజులు, వేల రూపాయల బహుమతులు. చివరికి ప్రభుత్వం 1955లో బహుమతి పోటీల చట్టం తెచ్చి, నెలకి వెయ్యి రూపాయలకి మించి బహుమతి పెట్టకూడదంది. పోటీలు నడిపేవాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1957లో ఓడిపోయారు. కలకత్తాలో ఇప్పుడు బెంగాలీ పత్రికల్లో దాన్ని ‘శబ్దఛక్’ అంటారు, కొందరు సరదాగా ‘శబ్దజబ్ద్’ అని. మనకి శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ అని పేరు పెట్టాడు, ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’ అన్నాడు. ప్రహేళిక అన్నది దండి నాటి మాట. ఆయన కావ్యాదర్శంలో పదహారు రకాల ప్రహేళికలు చెప్పాడు. న్యూయార్కు సరుక్కి కంచి పేరు తగిలించడం శ్రీశ్రీకే చెల్లింది.

ఇక నా గళ్ళు. జవాబులు రాసుకుంటూ పోతుంటే ఒక సంగతి పట్టుబడింది. చేసే పని ఒకటే, ఉన్నచోటు వదిలిపోవడం. మాట మాత్రం పోయేవాణ్ణి చూసి మారుతుంది. మా రిజిస్టర్లో అధికారికి ఒక రంగు సిరా, గ్యాంగ్‌మన్‌కి ఒక రంగు సిరా ఉండేవి కావు. భాషలో ఉన్నాయి.

‘పలాయనం’, నాలుగు గళ్ళు. ఆధారం: ‘1756లో డ్రేక్ దొర చిత్తగించినది.’ తెలుగులో పలాయనం ఊరికే చెయ్యరు, చిత్తగిస్తారు, రాజుగారు మనవి చిత్తగించినట్టు. ఆ ఎకసెక్కెం ఇంకో భాషలో ఉందో లేదో నాకు తెలీదు. కలకత్తా గవర్నరు రోజర్ డ్రేక్, సిరాజుద్దౌలా సైన్యం ఊరు చుట్టుముట్టగానే, జూన్ 19న కోటని, కోటలో మనుషుల్ని వదిలేసి పడవెక్కి ఓడలోకి చేరుకున్నాడు. మర్నాడు కోట పడిపోయింది. ఓడలు నది కిందుగా ఫల్తా దగ్గర లంగరు వేసి ఆరు నెలలు దోమల మధ్య కూర్చున్నాయి. మద్రాసు నుంచి క్లైవు వచ్చి 1757 జనవరి 2న ఊరు తిరిగి పట్టుకున్నాడు.

ఇందులో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. క్లైవు వెంట మద్రాసు నుంచి 900 మంది తెల్లవాళ్ళూ 1,500 మంది సిపాయిలూ వచ్చారు. దక్షిణాది నుంచి వచ్చిన ఆ సిపాయిల్ని ఇక్కడి జనం ‘తెలింగా’లన్నారు. తర్వాత క్లైవు ఇక్కడి మనుషులతోనే పల్టన్లు కట్టినా ఆ పేరు పోలేదు. బెంగాల్లో, బీహార్లో ఎర్రకోటు తొడుక్కుని తుపాకీ పట్టిన ప్రతివాడూ తెలింగాయే. భోజ్‌పురీ తప్ప ముక్క రానివాడు కూడా. డ్రేకు పోకతో మనవాడి రాక. ‘రాకపోకలు’ అన్న మాటలో ముందు రాక, తర్వాత పోక. ఇక్కడ మాత్రం వరుస తారుమారైంది.

‘తరలింపు’ అని ఇంకో నాలుగు గళ్ళు. 1911 డిసెంబర్ 12న ఢిల్లీ దర్బారులో ఐదో జార్జి నోటి మాటగా కలకత్తా రాజధానితనం ఊడిపోయింది. ప్రభువు ఊరు వదిలితే పలాయనం అనరు, వలస అనరు, తరలింపు అంటారు, బల్లలూ కుర్చీలూ వెళ్ళినట్టు. ఈ మాట గురించి ఆంధ్రదేశంలో ఎవరికీ ఇప్పుడు ఆధారం ఇవ్వనక్కర్లేదు. మా ఆఫీసూ అలాంటిదొకటి చూసింది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ వాల్తేరు పెత్తనం గార్డెన్‌రీచ్‌దే. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అయ్యాక కూడా అంతే. 2003 ఏప్రిల్ 1న ఈస్ట్ కోస్ట్ రైల్వే మొదలై వాల్తేరు భువనేశ్వర్ కిందికి వెళ్ళింది. నా బీరువాల్లోంచి తెలుగు పేర్లున్న ఫైళ్ళు గోనెసంచుల్లో కుట్టి పంపాం. సంక్రాంతి ముందు టేబుల్ ఖాళీగా ఉండటం ఆ తర్వాతి జనవరిలోనే మొదటిసారి చూశాను. దాన్ని కాగితాల్లో ‘ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రికార్డ్స్’ అన్నారు.

నిలువు నాలుగు, రెండే గళ్ళు: ‘నాటకానికీ, బోనాలకీ, ఓడకీ ఒకటే.’ జవాబు ‘రంగం’. నాటకరంగం అందరికీ తెలుసు. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాల మర్నాడు భవిష్యవాణి చెప్పేది రంగం. మూడోది మా శ్రీకాకుళం వైపు వాళ్ళకే తట్టాలి. మా తాతల కాలంలో రంగూన్ని రంగం అనేవారు. ‘ఫలానావాడు రంగం ఎల్లిపోనాడు’ అంటే ఇంట్లో చెప్పకుండా ఓడెక్కేశాడని. ఈ రంగానికి అడ్డంగా ‘కోరంగి’ చక్కగా కుదిరింది, ‘రం’ గడి దగ్గర రెండూ కలిశాయి. అవి చరిత్రలోనూ కలిసే ఉన్నాయి. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్ళని ‘కోరంగీ’లన్నారు. రేవుని 1839 తుపాను మింగేసినా పేరు మాత్రం సముద్రం అవతల బతికింది. ఆ తుపాన్ల లెక్కలు కట్టినవాడు కూడా కలకత్తావాడే. హెన్రీ పిడింగ్టన్ అని, ఇక్కడి ఓడల వ్యవహారాల అధికారి. ‘సైక్లోన్’ అనే మాట పుట్టించింది ఆయనే.

1931 జనాభా లెక్కల్లో రంగూన్లో సగానికి పైగా మన దేశం వాళ్ళే. పదేళ్ళ తర్వాత, 1941 డిసెంబర్ 23న జపాను బాంబులు పడ్డాయి. లక్షలమంది అడవులు పట్టి, కొండలు పట్టి, నడుచుకుంటూ ఇటు వచ్చారు. దారిలో పోయినవాళ్ళ లెక్క తేలదు. మా ఊళ్ళో ఒక ముసలాయనకి ‘రంగం నడక’ అనేదే ఇంటిపేరైపోయింది. ఆయన మాత్రం ఆ నడక గురించి ఎప్పుడూ నోరిప్పలేదు. అడిగితే బీడీ వెలిగించుకునేవాడు.

మా ఆఫీసుకి దగ్గర్లోనే, హుగ్లీ ఒడ్డున సూరినామ్ ఘాట్ ఉంది. 1873 ఫిబ్రవరి చివర ‘లల్లా రూఖ్’ అనే ఓడ కలకత్తా నుంచి బయల్దేరి జూన్‌లో సూరినామ్ చేరింది. మారిషస్‌కి అయితే 1834లోనే మొదలు. ఇక్కడి ఓడల్లో ఎక్కువ బీహారు, అవధ్ వాళ్ళు. మనవాళ్ళు ఎక్కువగా మద్రాసు నుంచి ఎక్కారు. 1860 నవంబర్‌లో నటాల్ చేరిన మొదటి రెండు ఓడల్లో ‘ట్రూరో’ మద్రాసుది, ‘బెల్వెడేర్’ కలకత్తాది. ‘అగ్రిమెంట్’ నోరు తిరక్క ‘గిర్మిట్’ అయింది, ఆ కాగితం మీద వేలిముద్ర వేసినవాడు గిర్మిటియా అయ్యాడు. ఐదేళ్ళకని వెళ్ళినవాళ్ళలో చాలామంది రాలేదు. 2015లో ఘాట్ దగ్గర మూట భుజాన వేసుకున్న ఒక ఆడమనిషి, మగమనిషి విగ్రహాలు పెట్టారు. పరమారిబోలో ఉన్న విగ్రహాలకి జోడీ ఇవి. అక్కడివి దిగినవాళ్ళవి, ఇక్కడివి ఎక్కినవాళ్ళవి. నేను టీ తాగడానికి అటు వెళ్తుంటాను. మనిషిని చెక్కిన శిల్పికి నా జోహారు గాని, మూటని ఇంకా బాగా చెక్కాడు. ఆ ముడి చూస్తే విప్పే ఉద్దేశం లేనట్టుంది.

ఈ గళ్ళన్నిటిలో నాకు బాగా కుదిరిన జంట ‘ఉద్వాస్తు’, ‘ఉద్వాసన’. రెండూ ‘ఉ’ దగ్గరే మొదలు, ఒకటి అడ్డం, ఒకటి నిలువు. బెంగాలీలో ఉద్వాస్తు అంటే కాందిశీకుడు. వాస్తు ఊడిపోయినవాడు. మన వాళ్ళు వాస్తు కోసం గుమ్మాలు మారుస్తారు, ఇక్కడ గుమ్మమే లేని లక్షలమంది 1947 తర్వాత షియాల్దా ప్లాట్‌ఫారాల మీద చాపలు పరుచుకున్నారు. తర్వాత జాదవ్‌పూర్ చుట్టుపట్ల ఖాళీ మిలటరీ బారకాసుల్లో, బీళ్ళలో కాలనీలు వేసుకుని వాటికి విజయగఢ్, ఆజాద్‌గఢ్ అని పేర్లు పెట్టుకున్నారు. గఢ్ అంటే కోట. మా బొడోబాబుది అలాంటి కోటే, వెదురు దడులూ రేకు కప్పూ. తూర్పు బెంగాల్ బరిసాల్లో వాళ్ళకి చెరువు ఉండేదని ఏడాదికోసారి చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా ఆ చెరువు కాస్త పెద్దదయ్యేది.

‘ఉద్వాసన’కి ఆధారం: ‘దేవుడికి చెబితే పూజ పూర్తి, గుమాస్తాకి చెబితే జీతం పూర్తి.’ వినాయకచవితి మర్నాడు మనం చెప్పేది అదే. ఇక్కడ దశమి నాడు అమ్మవారి బొమ్మ గంగలో కలపడాన్ని ‘విసర్జన్’ అంటారు. వచ్చిన మొదటి ఏడు వీధి పొడుగునా కరపత్రాల మీద ఆ మాట కూడబలుక్కుని చదివి హడలిపోయాను, మనం ఆ మాట ఎక్కడ వాడతామో మీకు తెలుసు. రెండు భాషలు ఒకే సంస్కృతం బావిలో నీళ్ళు తోడుకుంటాయి. ఒకరింట్లో తీర్థం, ఇంకొకరింట్లో కాళ్ళు కడుక్కునే నీళ్ళు.

అమంగళం దాచే చోట మాత్రం ఇద్దరం ఒకటే. మా అమ్మ డబ్బాలో బియ్యం అయిపోతే అయిపోయాయని అనేది కాదు, ‘నిండుకున్నాయి’ అనేది. మా పక్కింటి బెంగాలీ ఇల్లాలు ‘చాల్ బాడంతో’ అంటుంది, బియ్యం పెరుగుతున్నాయి అని. దీపం ఆరదు, కొండెక్కుతుంది. బయల్దేరేవాణ్ణి ఎక్కడికి అని అడగరు, ‘ఎందాకా’ అంటారు. వెనక నుంచి పిలవరు, ఇక్కడా పిలవరు. మనం క్షేమంగా వెళ్ళి లాభంగా రమ్మంటాం, వీళ్ళు ‘దుర్గా దుర్గా’ అని రెండుసార్లు అనుకుంటారు. మనిషి పోయాక ఇంక దాచడానికేం లేదు కదా అనుకుంటామా, అక్కడ ఇంకా ఎక్కువ. మనకి కాలం చేశారు, పరమపదించారు, హరీమన్నాడు, టపా కట్టాడు. బాల్చీ తన్నడం దొరల దగ్గర అరువు. బెంగాలీవాడు ‘పొటోల్’ కోస్తాడు, అంటే పర్వల్ కాయలు. ఎందుకు కోస్తాడని అడిగితే ఎవరూ చెప్పలేదు, మార్కెట్లో ఆ కాయలమ్మేవాడితో సహా.

ఇప్పుడు మళ్ళీ నా ‘మహానిష్క్రమణ’ దగ్గరికి. ఈ ఊళ్ళో ఆ మాటకి ఆధారం అక్కర్లేదు, తారీఖు చాలు. 1941 జనవరి 16 దాటి 17 వచ్చిన రాత్రి, ఎల్గిన్ రోడ్డు ఇల్లు. సుభాష్ చంద్రబోస్ గృహనిర్బంధంలో ఉన్నాడు, బయట పోలీసుల కాపలా. గడ్డం పెంచి, మహమ్మద్ జియావుద్దీన్ అనే ఇన్సూరెన్సు ఇన్స్‌పెక్టరు వేషం వేసి, ఒంటిగంట దాటాక మెట్లు దిగాడు. అన్న కొడుకు శిశిర్ బోస్ నడిపిన వాండరర్ కారు, నంబరు బి.ఎల్.ఎ. 7169. ధన్‌బాద్ మీదుగా గోమో స్టేషను. అక్కడ కాల్కా మెయిలు. అటునుంచి పెషావరు, కాబూలు, బెర్లిను. ఇంట్లో లేడన్న సంగతి పది రోజులు ఎవరికీ పొక్కలేదు.

బౌద్ధులు సిద్ధార్థుడు ఇల్లు వదిలిన రాత్రిని ‘మహాభినిష్క్రమణం’ అంటారు. బెంగాలీలు అందులోంచి ‘అభి’ తీసేసి బోసుకి ఇచ్చారు. నిష్క్రమణ అనేది ఇంకోచోట కూడా ఉంది. పదహారు సంస్కారాల్లో అదొకటి, పసివాణ్ణి నాలుగో నెలలో మొదటిసారి గుమ్మం దాటించి సూర్యుణ్ణి చూపించడం. ఈ మనిషి నలభై నాలుగో ఏట చీకట్లో దాటాడు.

మా బొడోబాబు రిటైరయ్యే ఏడు నన్ను ఆ ఇంటికి తీసుకెళ్ళాడు. అది నేతాజీ భవన్ అనే మ్యూజియం. నేల మీద ఆయన అడుగుల గుర్తులు వేసి ఉంటాయి, గదిలోంచి మెట్లవైపు. కారు అక్కడే ఉంది. 2017లో దాన్ని బాగుచేయించి మెరుగు పెట్టారు గాని, మేం చూసిన రోజు దుమ్ముపట్టి, నీరసంగా, రిటైరైన గుమాస్తాలాగే ఉంది. బొడోబాబు అడుగుల గుర్తుల మీద కాలు పడకుండా పక్కన నడిచాడు. బయటికొచ్చాక అన్నాడు: ‘చూశావా, ఇంట్లోంచి చెప్పకుండా పోతే ఒకడిది మహానిష్క్రమణ. మన మలేరియా సెక్షన్ వాడిది పగార్ పార్.’

మలేరియా సెక్షన్ వాడి కథ ఆఫీసంతా తెలుసు. కాబూలీవాలా దగ్గర అప్పు. జీతాల రోజు గేటు బయట పొడుగు కమీజులూ కర్రలూ పట్టుకుని వాళ్ళు నిలబడేవారు. ఇతను వెనక గోడ దూకి వెళ్ళిపోయాడు, తిరిగి డ్యూటీకి రాలేదు. ‘పగార్ పార్’ అంటే పొలిమేర గుంట దాటేశాడని. హైదరాబాదులో పగార్ అంటే జీతం, ఈ మాట విన్న రోజు నాకు రెండర్థాలూ సరిపోయాయనిపించింది. బోసు పఠాను వేషంలో కాబూలు వెళ్ళాడు. ఇతను పఠానుకి భయపడి ఎక్కడికెళ్ళాడో. రిజిస్టర్లో నేను రాసింది మాత్రం మూడే ముక్కలు: అనుమతి లేని గైరుహాజరు. ఎర్ర సిరాతో. మనకైతే ఇంకా ఉన్నాయి: ఉడాయించాడు, చెక్కేశాడు, తుర్రుమన్నాడు, బిచాణా ఎత్తేశాడు, కాలికి బుద్ధి చెప్పాడు. పేదవాడు పారిపోవడానికి భాష ఇన్ని దారులు వేసింది. ఇవన్నీ గళ్ళలో పడితే పేజీ చాలదు, రెండింటితో సరిపెట్టాను.

సెలవుకాగితాలకి గుచ్చిన టెలిగ్రాముల గురించి ఒక్కమాట. ఈ దేశంలో మొదటి టెలిగ్రాఫు తీగె కలకత్తా నుంచి డైమండ్ హార్బరుకి వేశారు, 1850లో. నేను రిటైరైన నెలలోనే, 2013 జూలై 15న, టెలిగ్రాము సర్వీసు మూసేశారు. ఆ మధ్యలో వచ్చిన లక్షల తంతుల్లో సగం ఒకటే పాఠం అనిపించేది నాకు: ‘మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ.’ పోయిందని రాయరు. సీరియస్ అంటారు. పెళ్ళిచూపులకి రమ్మన్నా అదే రాయించేవాళ్ళున్నారు. కాగితం చేతిలో పడగానే ఏది నిజమో ఏది కాదో చెప్పేవాణ్ణి. నిజమైనదాంతో వచ్చినవాడు సెలవు ఎన్నాళ్ళు మిగిలిందని అడగడు.

1988లో నా పేరు మీద ఒకటి వచ్చింది. అదే నాలుగు మాటలు. నేనూ అడగలేదు. బొడోబాబు వారసుడు, కొత్త హెడ్డు, నా కాగితం తనే రాసి సంతకం పెట్టించాడు. హౌరాలో పెద్ద గడియారం కింద నిలబడి ఉంటే, బండి టైము అయ్యాక కూడా, ఎవరో ఒకరు ‘ఎందాకా’ అని అడుగుతారని ఎదురుచూశాను. ఆ ఊళ్ళో ఎవరు అడుగుతారు.

పోయిన గురువారం అమ్మ తద్దినం. పురోహితుడు ఖరగ్‌పూర్ నుంచి తెల్లారగట్ల లోకలు పట్టుకుని వచ్చాడు, కుర్రవాడు, సంచిలో సెల్‌ఫోను చార్జరు, దర్భలు కలిసిపోయి ఉన్నాయి. నేను తిలోదకాలు వదులుతూనే ఉన్నాను, మనసు సగం గళ్ళ దగ్గర ఉంది. అబద్ధం ఎందుకు. దానాల దగ్గరికి వచ్చేసరికి అతను మామూలు గొంతుతో అన్నాడు: ‘గోదానం బదులు నిష్క్రయం ఇచ్చుకోండి బాబాయి గారూ, మీ శక్తి కొద్దీ.’

‘ఏమన్నావు?’

‘నిష్క్రయమండీ. ఆవుకి బదులుగా ద్రవ్యం.’

చేతిలో నువ్వులు అలాగే పట్టుకుని మళ్ళీ అడిగాను. అతను అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు, ముసలాయనకి చెవుడనుకున్నాడు. ని. ష్క్ర. యం.

అతని భోజనమయ్యాక నూటపదహార్లు ఎక్కువే ఇచ్చాను. ఎందుకో అతనికి అర్థం కాలేదు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుని ‘వెళ్ళొస్తానండీ’ అన్నాడు. మా ఆవిడ ‘మంచిది నాయనా’ అంది. నేను అప్పటికే పెన్సిలు చెక్కుతున్నాను.

నిలువు 9. ఆవుని ఇవ్వలేనివాడు ఇచ్చేది (3).